డిఫ్ లాక్ కొనే ముందు మీ బాట చూసుకోండి

పరకాల దగ్గర మా కాక కరిగెట దున్నుతుంటే గట్టు మీద నిలబడి ఆయన కాళ్లు చూడాలి. ట్రాక్టర్ ఒక పక్కకు ఒరిగి, ఒక కేజ్‌వీల్ బురద చిమ్ముతూ ఊరికే తిరగడం మొదలవగానే మడమ సీటు కింది పెడల్ మీదికి పోతుంది. టక్కున రెండో చక్రం కూడా పట్టుకుని బండి ముందుకు పాకుతుంది. గట్టు దగ్గరికొచ్చి మలపాల్సినప్పుడు మడమ తీసేస్తాడు. తీయకపోతే ట్రాక్టర్ మలగదు, బలవంతంగా మలిపితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది. డిఫరెన్షియల్ లాక్ అంటే అంతే. జీపులకూ, ఎస్‌యూవీలకూ అమ్మే రకరకాల లాకర్లకు అసలు తేడా ఆ మడమ పని ఎవరు చేస్తారన్న దగ్గరే: గాలా, కరెంటా, తీగా, లేక మిమ్మల్ని అడగకుండా అదే చేసుకుంటుందా.

వానాకాలం మొదలైతే చాలు, వరంగల్ చుట్టుపక్కల బండ్లున్న తమ్ముళ్లు అడిగే మొదటి ప్రశ్న "అన్నా, ఏ లాకర్ పెట్టించాలె?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే. నీ బండి ఎక్కడ ఆగిపోతున్నది? ఎట్లా ఆగిపోతున్నది?

బండి వెనక 4x4 అని రాసి ఉన్నా నాలుగు చక్రాలూ లాగుతున్నట్టు కాదు. ట్రాన్స్‌ఫర్ కేసు ముందు యాక్సిల్‌నూ వెనక యాక్సిల్‌నూ కలుపుతుంది, అంతవరకే. ఒక్కో యాక్సిల్‌లో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఉండేది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (డిఫ్), మలుపులో రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బా. అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే బలం పంచుతుంది. సమానం అంటే మంచిదే అనిపిస్తుంది గానీ తిరకాసు అక్కడే ఉంది. ఒక చక్రం గాల్లో ఉంటే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు, కాబట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ దాదాపు ఏమీ అందదు. ఒర్రెను అడ్డంగా కాకుండా ఐమూలగా దాటుతుంటే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం లేస్తాయి. లేచిన రెండూ గాలిలో తిరుగుతాయి, నేల మీదున్న రెండూ చూస్తూ ఉంటాయి. 4x4 బండి, కింద గట్టి నేల, అయినా కదలదు. లాకర్ వేస్తే ఎడమ కుడి చక్రాలు ఒకే ఇనుప కడ్డీకి బిగించినట్టు తిరుగుతాయి. పట్టున్న చక్రానికి ఎంత బలం కావాలో అంత పోతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. లాకర్ రెండు చక్రాల మధ్య తేడాను చెరిపేస్తుంది గానీ, లేని పట్టును పుట్టించదు. మన దిక్కు నేలలను బట్టి చూస్తే ఈ మాటకు అర్థం తెలుస్తుంది.

నల్లరేగడి తీసుకోండి. పరకాల, జమ్మికుంట పత్తి చేన్ల బాటలు, ఇంకా పైకి పోతే ఆదిలాబాద్. తడిసిన రేగడి ఉబ్బి, జిగురులా టైరు గాళ్లలో నిండిపోతుంది. నాలుగు చక్రాలు తిరిగేసరికి మీ ఆల్ టెర్రెయిన్ టైరు గుండుకొట్టినట్టు నున్నగా తయారవుతుంది. అక్కడ ఎడమ చక్రానికీ పట్టు లేదు, కుడి చక్రానికీ లేదు. తేడానే లేనప్పుడు లాకర్ చెరిపేదేముంది? ఒక చక్రం గుంత తవ్వే బదులు రెండు చక్రాలు రెండు గుంతలు తవ్వుతాయి, యాక్సిల్ హౌసింగ్ పోయి మట్టి మీద కూర్చుంటుంది. రేగడిలో నిజంగా పనికొచ్చేవి బురద విదిల్చుకునే, గాళ్లు దూరం దూరంగా ఉన్న మడ్ టైర్లు, ఒక గుంజుడు పట్టీ, ఇంకో బండి. ఇవేవీ లేకపోతే రెండు రోజుల ఎండ.

గోదావరి ఇసుకలోనూ అంతే, కారణం మాత్రం వేరు. మంగపేట, ఏటూరునాగారం, కాళేశ్వరం దగ్గర రేవుల్లో దిగబడే బండ్లలో ఎక్కువ రోడ్డు మీద నడిచే గాలితోనే దిగుతాయి. 32 పీఎస్‌ఐ ఉన్న టైరును 16 దాకా దించితే నేల మీద దాని అడుగు పొడవవుతుంది, బండి ఇసుక మీద తేలుతుంది. ఆ పనికి కావలసింది ఒక గాలి మీటరు, తిరిగి కొట్టుకోవడానికి చిన్న కంప్రెసరు. ఇసుకలో వెనక లాక్ వేసి మలపబోతే బండి మలగకుండా ముక్కుసూటిగా దున్నుకుంటూ పోతుంది.

మరి లాకర్ డబ్బులు ఎక్కడ గిట్టుబాటవుతాయి? ఎర్ర చెలకల్లో వాన కోసిన ఒర్రెల్లో. ములుగు, భూపాలపల్లి దిక్కు గుట్టల ఎక్కుళ్లలో. హనుమకొండ చుట్టూ ఉన్నట్టు బండలు మెట్లు మెట్లుగా లేచిన చోట. ఒక చక్రం గాల్లో, ఒక చక్రం గట్టి నేల మీద ఉండే చోట్లన్నీ లాకర్ చోట్లే. క్వారీ బాటల్లో రోజూ తిరిగే క్యాంపర్ జీపులకూ అదే పనికొస్తుంది.

ఇంకో మాట. వాగు పారుతుంటే ఏ లాకరూ అక్కరకు రాదు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు మోరంచపల్లి ఊరుకు ఊరే మునిగింది. నీరు బండిని పక్కకు తోస్తుంది, లాకర్ బండిని ముందుకు మాత్రమే తోస్తుంది. అట్లాగే కవ్వాల్, ఏటూరునాగారం, పాకాల అడవుల్లో బాట వదిలి బండి తిప్పడం అటవీ చట్టం ప్రకారం నేరం. అక్కడ లాకర్ పరీక్షించుకుందామనే ఆలోచన వదిలెయ్యండి.

కొనే ముందు మీ బండిలో ఇప్పుడు ఏముందో చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండైతే మరీ ముఖ్యం, అమ్మినాయన "లాక్ ఉంది" అంటాడు, ఏ లాకో ఆయనకే తెలియదు. చదునైన చోట ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి. బండి గేరులో వేసి ఇంజన్ ఆపి, ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కుకు సాఫీగా తిరిగితే ఓపెన్. అసలు తిరగకుండా మొరాయిస్తే, లేదా చాలా బిగువుగా కదిలితే లోపల లిమిటెడ్ స్లిప్పో (పూర్తిగా లాక్ చెయ్యకుండా చక్రం ఊరికే తిరగడాన్ని కొంతవరకు ఆపేది), ఆటోమేటిక్ లాకరో (స్విచ్ లేకుండా తనే పట్టి వదిలేది) ఉన్నట్టు. ఈ పరీక్షకు దొరకనివీ ఉన్నాయి. మహీంద్రా బండ్లలో వచ్చే ఎంఎల్‌డి (మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్) కూడా చేత్తో తిప్పితే ఓపెన్ లాగే తిరుగుతుంది.

ఆ ఎంఎల్‌డి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దిక్కు లాకర్ ఉందని తెలియకుండానే లాకర్‌తో తిరిగేవాళ్లు చాలామంది. ఈటన్ కంపెనీ తయారుచేసే ఈ మెకానికల్ లాక్ 2015లో మార్చిన థార్‌లో వచ్చింది, తర్వాతి థార్‌లో కొన్ని మోడళ్లకు ఇచ్చారు, వెనక చక్రాలు మాత్రమే లాగే బొలెరో నియోలో పై మోడల్‌కూ పెట్టారు. స్విచ్ ఉండదు. రెండు వెనక చక్రాల వేగంలో తేడా సుమారు 100 ఆర్‌పిఎం దాటితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని, ఒక కొక్కెం పట్టి లాక్ చేస్తుంది. బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటితే పట్టదు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, చక్రం గిరగిర తిరగ్గానే భయపడి ఎక్సిలరేటర్ వదిలేస్తారు. మళ్లీ తొక్కుతారు, మళ్లీ వదిలేస్తారు. ఆ తేడా 100కి చేరనే చేరదు. కాలు కదపకుండా ఒక్క తీరుగా తొక్కి రెండు సెకన్లు ఆగితే కింద "టక్" మని ఒక దెబ్బ వినిపిస్తుంది, బండి ముందుకు పోతుంది. ఆ దెబ్బకు కూడా భయపడకూడదు, అది పట్టిన శబ్దం. దీని లోపం ఒక్కటే: చక్రం ముందు తిరగాలి, తర్వాతే పడుతుంది. అంచు సన్నగా ఉన్న చోట ఆ తిరిగే రెండు సెకన్లలో బండి పక్కకు జరిగిపోవచ్చు.

బ్రేకులతో పనిచేసే లాక్ ఇంకో రకం. జిమ్నీలో ఉన్నది ఇదే, థార్‌లోనూ కొన్ని మోడళ్లలో ఉంది. తిరిగే చక్రానికి కంప్యూటర్ బ్రేకు వేస్తుంది, దాంతో బలం రెండో పక్కకు పోతుంది. ఇనుప లాకరంత గట్టిగా పట్టదు, పెద్ద ఎక్కుడు మీద ఎక్కువసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. అయినా వారానికోసారి లక్నవరం, బొగత దిక్కు మట్టిబాటల్లో తిరిగే కుటుంబానికి ఇది సరిపోతుందనే నేనంటాను. జిమ్నీ కొన్న మా అల్లునికి లాకర్ వద్దని చెప్పి, ఆ డబ్బులో సగం పెట్టి మంచి టైర్లు కొనిపించాను. ఏడాదిన్నర అయింది, ఇంకా లాకర్ ఊసెత్తలేదు. ఏదీ లేని పాత బండికైతే హ్యాండ్‌బ్రేకు రెండు మూడు పళ్లు లాగి మెల్లగా తొక్కి చూడండి. అది వెనక చక్రాల మీద పనిచేసేదైతే కొంతమేరకు ఇదే పని చేస్తుంది.

లిమిటెడ్ స్లిప్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. క్లచ్ ప్లేట్ల రకం తడి రోడ్ల మీద హాయిగా ఉంటుంది, కాలం గడిస్తే ప్లేట్లు అరుగుతాయి, దానికి వేరే నూనె పొయ్యాలి. గేర్ల రకం అరగదు గానీ ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే చేతులెత్తేస్తుంది. మన ఒర్రెల్లో కావలసింది సరిగ్గా ఆ సమయంలోనే.

ఇక కొనిపెట్టించే లాకర్లు. తక్కువ ఖర్చులో అయ్యేది లంచ్‌బాక్స్ రకం. అంటే డిఫరెన్షియల్ డబ్బా అదే ఉంచి, లోపలి స్టార్ గేర్లు తీసేసి వాటి చోట పళ్ల ముక్కలు కూర్చోబెట్టడం. క్రౌన్, పినియన్ (ఇంజన్ బలాన్ని యాక్సిల్‌కు అందించే పెద్ద గేరు, చిన్న గేరు) కదపక్కర్లేదు కాబట్టి మంచి మిస్త్రీ ఒక్కరోజులో బిగిస్తాడు. జిప్సీకి చెల్లెలు లాంటి సుజుకీ సమురాయ్‌కు విదేశాల్లో ఇవి చాలా రకాలు దొరుకుతాయి, అందుకే మన జిప్సీ వాళ్ల చూపు దాని మీదే. యాక్సిల్ స్ప్లైన్ల (షాఫ్ట్ చివరి పళ్ల) లెక్క కలవకపోతే మాత్రం ముక్క చేతిలో పట్టుకుని కూర్చోవాల్సిందే, కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు యాక్సిల్ ఊడదీసి పళ్లు లెక్కపెట్టండి. దీని స్వభావం తలకిందులు. ఎప్పుడూ లాక్‌లోనే ఉంటుంది, మలుపులో బయటి చక్రం వేగంగా పోవాల్సి వచ్చినప్పుడు మాత్రమే కటకటమంటూ వదులుతుంది.

ఈ రకం నేను రెండేళ్లు వాడాను. ఎండాకాలం దేవుడిచ్చినట్టే ఉండేది. మొదటి వానకు ములుగు రోడ్డు మీద, మల్లంపల్లి దాటాక ఒక మలుపులో కొంచెం ఎక్కువ తొక్కాను. వెనక చక్రాలు రెండూ ఒక్కసారే పట్టు వదిలేసి, తోక రోడ్డు బయటికి పోయింది. ఎదురుగా లారీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఓపెన్ డిఫ్ అయితే లోపలి చక్రం ఒక్కటే తిరిగేది, బయటిది బండిని పట్టుకునేది. లంచ్‌బాక్స్ గానీ, దాని పెద్దన్న డెట్రాయిట్ లాకర్ గానీ వ్యవసాయ క్షేత్రంలోనే తిరిగే బండికి, పోటీల బండికి మంచివి. ఇంటావిడ కూడా నడిపే బండికి, పిల్లల్ని స్కూలుకు దించే బండికి నేను పెట్టను.

స్టార్ గేర్లకు వెల్డింగ్ కొట్టించడం గురించి కూడా అడుగుతుంటారు. చవకే, నిజం. అది ఎన్నటికీ వదలని లాకు. డాంబర్ రోడ్డు మీద ప్రతి మలుపులో టైరు అరిచి అరుగుతుంది, ఏదో ఒక రోజు యాక్సిల్ విరుగుతుంది. సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ (చక్రం నేరుగా షాఫ్ట్‌కే బిగించి ఉండే రకం) ఉన్న బండిలో షాఫ్ట్ విరిగితే చక్రమే బయటికి రావచ్చు. వద్దు.

మిగిలినవి స్విచ్‌తో వేసి తీసేవి. నా లెక్కలో రోడ్డు మీదా బాట మీదా తిరిగే బండికి సరైనవి ఇవే, ఎందుకంటే కాక మడమ పని మీ చేతిలోనే ఉంటుంది. స్విచ్ తీసేస్తే మామూలు ఓపెన్ డిఫ్, బండి ఎప్పటిలాగే నడుస్తుంది.

గాలితో పనిచేసేదంటే అందరి నోటా వచ్చే పేరు ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీది. చిన్న కంప్రెసరు, సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), డిఫ్ దాకా ఒక సన్నని గొట్టం. గాలి డిఫ్ లోపలికి చేరగానే అక్కడి రింగు జరిగి గేరును పడుతుంది. గట్టితనంలో దీనికి పేరుంది, పైగా అదే కంప్రెసరుతో టైర్లకు గాలి కొట్టుకోవచ్చు. ఇసుక రేవుల దగ్గర తిరిగేవాళ్లకు ఇది చిన్న లాభం కాదు. లోపమంతా గాలి ఎక్కడెక్కడ కారగలదో అక్కడే. యాక్సిల్ ఊగినప్పుడు గొట్టం రాసుకోవడం, సైలెన్సర్ వేడికి కరగడం, లోపలి ఓ-రింగ్ తెగి గాలి నూనెలోకి పోవడం. లాక్ వేసి ఉంచి బండి ఆపి వినండి. కంప్రెసరు ఒకసారి నిండి ఊరుకుంటే బాగున్నట్టు. నిమిషానికోసారి లేచి గురగురమంటుంటే ఎక్కడో కారుతున్నది. డిఫ్ బ్రీథర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) నుంచి నూనె చిమ్ముతుంటే లోపలి సీలే అనుకోండి.

కరెంటుతో పనిచేసేదానికి గాలి బాధ లేదు. 12 వోల్టుల కాయిలు అయస్కాంతమై లాగితే పడుతుంది, కరెంటు పోతే వదిలేస్తుంది. హైలక్స్‌లో, థార్ రాక్స్ 4x4లో కంపెనీ నుంచే వెనకాల కరెంటుతో వేసే లాక్ వస్తుంది. దీని శత్రువు తీగ, కనెక్టరు, బురద నీళ్లు. వాగు దాటి వచ్చాక ఒక వారానికి పచ్చగా తుప్పు పట్టిన కనెక్టరు ఒకటి చాలు, ఎక్కుడు మధ్యలో లైటు వెలుగుతుంది గానీ లాక్ పడదు. కనెక్టర్లో గ్రీజు పెట్టి, డిఫ్ దగ్గర తీగకు గొట్టం తొడిగిస్తే సగం బాధ తీరుతుంది. గాలా, కరెంటా అంటే నా ఎంపిక ఇట్లా ఉంటుంది: టైరు గాలి తరచూ దించి కొట్టుకునేవాళ్లకు గాలిది, మిగతావాళ్లకు కరెంటుది. మీ యాక్సిల్‌కు రెండిట్లో ఒకటే దొరికితే ఈ చర్చే అక్కర్లేదు, దొరికింది పెట్టించుకోండి.

తీగతోనో, లీవరుతోనో లాగేవి అన్నిటికంటే మొరటువి, అందుకే నాకు ఇష్టం. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండు యాక్సిళ్లకూ కంపెనీయే చేత్తో వేసే లాకులు ఇస్తుంది. కొత్త బండి కొనే ఆలోచనలో ఉండి, ఒర్రెలు ఎక్కడమే పనైతే, తర్వాత లాకర్ కొనిపెట్టించే తలనొప్పి కంటే దాన్ని ఒకసారి నడిపి చూడండి.

ఒక్కటే పెట్టించగలిగితే వెనకాలే. ఎక్కుడు మీద బరువంతా వెనక్కు పోతుంది, అక్కడి చక్రాలకే పట్టు ఎక్కువ. ముందు లాక్ వేస్తే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, మలిపి తొక్కితే సీవీ జాయింట్లు (ముందు చక్రాలు మలుగుతూనే తిరగనిచ్చే కీళ్లు) పోతాయి. ఇంకో జాగ్రత్త: అడ్డవాలు మీద, తడి ఎర్రమట్టిలో లాక్ వేసి తొక్కితే రెండు చక్రాలూ ఒక్కసారి జారి బండి తోక కిందికి దిగుతుంది. అక్కడ లాక్ తీసి ఉంచడమే మంచిది, తిరగని చక్రం మేకులా పట్టుకుంటుంది.

ఎవరితో బిగించాలన్నది ఏది కొనాలన్నంత ముఖ్యం. నేనైతే ముక్క కంటే ముందు మిస్త్రీని వెతుక్కుంటాను. గాలిదీ కరెంటుదీ పెట్టాలంటే డిఫ్ డబ్బా మొత్తం మారుతుంది, క్రౌన్ పినియన్ సందు కొత్తగా సరిచెయ్యాలి. హైదరాబాద్‌లో ఒక షెడ్డులో నా బండికి చేతి అందాజుతో షిమ్‌లు (సందు సరిచేసే పలుచని రేకులు) వేసి పంపారు. ఘట్‌కేసర్ దాటకముందే 60 మీద ఊళ మొదలైంది, కాజీపేట చేరేసరికి పాట ఆపి ఆ ఊళే వింటూ వచ్చాను. మన ఆటోనగర్ చాచా విప్పి చూసి ఒకటే మాటన్నాడు: "అందాజ మీద గడియారం బాగుచేస్తరా బేటా?" డయల్ గేజి పెట్టి మిల్లీమీటరులో వందో వంతుల్లో సందు కొలిచి, పళ్లకు రంగు పూసి తిప్పి, ఆ మచ్చ పంటి నడుమ పడేదాకా మూడుసార్లు షిమ్‌లు మార్చాడు. సాయంత్రం దాకా పట్టింది. మిస్త్రీని ముందే అడగండి, డయల్ గేజి ఉందా అని. లేదంటే చాయ్ తాగి వచ్చెయ్యండి.

"లాక్ పెడితే బండి ఎక్కుతది బేటా, గని యాక్సిల్ మీద భారం రెండింతలు పడ్తది" అని కూడా ఆయనే చెప్పాడు. ఓపెన్ డిఫ్‌లో సగం సగం పంచుకునే బలం, లాక్‌లో మొత్తం ఒక్క షాఫ్ట్ మీద పడగలదు. పెద్ద టైర్లు ఎక్కించి ఉంటే ఇంకా ఎక్కువ. లాకర్‌కు లెక్క వేసేటప్పుడు యాక్సిల్ షాఫ్టుల డబ్బులు కూడా కలుపుకోండి.

వారంటీలో ఉన్న బండైతే పెట్టించే ముందు డీలరుతో, ఇన్సూరెన్సు వాళ్లతో కాగితం మీద మాట తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీదే ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ విషయంలో గట్టిగానే చెప్పింది. బయటికి కనిపించదు గదా అన్న ధీమా, క్లెయిము రోజున పనికిరాదు.

బిగించాక మొదటి వారం తారు రోడ్డు మీదే మెల్లగా తిప్పండి. రోజూ ఒకసారి ఖాళీ మైదానంలో, మట్టి మీద, నేరుగా పోతూ లాక్ వేసి తీసి చూడండి. 500 కిలోమీటర్లకు డిఫ్ నూనె దించి, డ్రెయిన్ బోల్టు అయస్కాంతాన్ని వేలితో తుడిచి చూసుకోండి. బూడిద రంగు ముద్ద మెత్తగా కాటుకలా వేలికి అంటితే కొత్త పళ్లు అరుగుతున్నాయి, మామూలే, కొత్త నూనె పోసి బిగించండి. వేలికి గుచ్చుకునే చిప్ప ఒక్కటి కనిపించినా దాన్ని గుడ్డలో చుట్టి పెట్టుకోండి, బండి నడపకుండా మిస్త్రీకి ఫోన్ చెయ్యండి.